యూనియన్ ఓటు ఎవరి చేతిలో ఉంది? బ్రిటన్ లేబర్ పార్టీ లీడర్ ఎన్నికల వెనక కథ

2010 సెప్టెంబర్ 25న మాంచెస్టర్‌లో బ్రిటన్ లేబర్ పార్టీ కొత్త లీడర్ ఎవరో ప్రకటించారు. గెలిచింది తమ్ముడు ఎడ్ మిలిబాండ్, ఓడిపోయింది అన్న డేవిడ్ మిలిబాండ్. ఒకరికి 50.65 శాతం, ఇంకొకరికి 49.35 శాతం. ఎంపీల్లో, యూరప్ పార్లమెంట్ సభ్యుల్లో కలిపి ఎక్కువమంది అన్నకే వేసారు, ఆఖరి రౌండ్లో 140కి 122. మామూలు పార్టీ సభ్యుల్లో కూడా ఎక్కువమంది అన్నకే వేసారు. అప్పట్లో ఓట్లని మూడు పెట్టెలుగా, మూడు సమాన వాటాలుగా లెక్కపెట్టేవాళ్ళు, తమ్ముడిని గెలిపించింది మూడో పెట్టె, అంటే యూనియన్ల పెట్టె.

ఆ రోజు నుంచి దాదాపు అయిదేళ్ళ పాటు ఎడ్ మిలిబాండ్ ఏం మాట్లాడినా, యూనియన్లు కూర్చోబెట్టిన మనిషి అనే మాట వెంటాడుతూనే ఉంది. ఆ మాటలో ఎంత నిజం ఉంది, అసలు యూనియన్లు ఒక పార్టీ లీడర్‌ని ఎలా "కూర్చోబెట్టగలవు", అనేది అర్థం కావాలంటే ముందు ఆ పార్టీ ఎలా పుట్టిందో చూడాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తిరగేసి అనుకుంటారు. పార్టీ ఉంది, దానికి అనుబంధంగా యూనియన్లు ఉన్నాయి అనుకుంటారు. లేబర్ పార్టీ విషయంలో ముందు యూనియన్లే ఉన్నాయి, పార్టీని అవే పెట్టుకున్నాయి.

1899లో రైల్వే కార్మికుల యూనియన్ డాన్‌కాస్టర్ శాఖ నుంచి ఒక తీర్మానం వచ్చింది, పార్లమెంటులో కార్మికుల తరఫున మనుషులు ఉండాలి, దానికోసం ఒక సమావేశం పెట్టండి అని. 1900 ఫిబ్రవరిలో లండన్ మెమోరియల్ హాల్లో ఆ సమావేశం జరిగి లేబర్ రిప్రజెంటేషన్ కమిటీ పుట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత టాఫ్ వేల్ రైల్వే కేసులో సమ్మె వల్ల కంపెనీకి వచ్చిన నష్టం యూనియనే కట్టాలని 1901లో తీర్పొచ్చింది, యూనియన్ మీద దాదాపు 23,000 పౌండ్ల భారం పడింది. అంటే ఇకమీదట సమ్మె చేస్తే యూనియన్ ఖజానా ఖాళీ అయిపోతుంది, ఈ చట్టం మారాలంటే పార్లమెంటులో సొంత మనుషులు కావాల్సిందే. దాంతో అంతవరకు దూరంగా ఉన్న యూనియన్లు కూడా వరసగా వచ్చి చేరాయి. 1906 ఎన్నికల్లో 29 మంది గెలిచారు, ఆ ఏడాదే లేబర్ పార్టీ అన్న పేరు పెట్టుకున్నారు. మనిషి విడిగా పార్టీ సభ్యత్వం తీసుకునే పద్ధతి 1918లో పార్టీ రాసుకున్న రాజ్యాంగంతో గానీ సరిగ్గా రాలేదు, అప్పటిదాకా యూనియన్ ద్వారానో పార్టీకి అనుబంధంగా ఉన్న ఏదో సొసైటీ ద్వారానో చేరడమే.

కాబట్టి యూనియన్లకి లీడర్ ఎన్నికలో మాట ఎందుకు ఉండాలి అని అడిగితే ఆ యూనియన్ల వాళ్ళ జవాబు సూటిగానే ఉంటుంది, ఇల్లు కట్టిందే మేము, ఇంటి పెద్దని ఎంచుకునేటప్పుడు మమ్మల్ని బయట నిలబెడతారా అని. ఆ మాట న్యాయమైనదే. అయితే "మేము" అంటే ఎవరు? జనరల్ సెక్రటరీనా, పదిమంది కూర్చునే కార్యవర్గమా, లేక నెలనెలా చందా కట్టే నర్సు, బస్ డ్రైవర్, గిడ్డంగిలో పెట్టెలు మోసే మనిషా? నూరేళ్ళకి పైగా నడిచిన గొడవంతా ఈ ఒక్క "మేము" చుట్టూనే తిరిగింది.

1981 వరకు లేబర్ లీడర్‌ని ఎన్నుకునేది కేవలం ఎంపీలు. పేపర్ మీద చూస్తే యూనియన్లకి ఒక్క ఓటు కూడా లేదు. కానీ ఓటు లేకపోయినంత మాత్రాన పలుకుబడి లేదని కాదు. 1935లో బ్రైటన్‌లో జరిగిన పార్టీ కాన్ఫరెన్స్‌లో అప్పటి లీడర్ జార్జ్ లాన్స్‌బరీ, యుద్ధమంటే ఏ రూపంలోనూ ఒప్పుకోని శాంతివాది, ఇటలీ మీద ఆంక్షల తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడాడు. తర్వాత రవాణా కార్మికుల యూనియన్ జనరల్ సెక్రటరీ ఎర్నెస్ట్ బెవిన్ లేచి ఆయన్ని అందరి ముందు చీల్చి చెండాడాడు, తీర్మానం భారీ తేడాతో నెగ్గింది, కొద్దిరోజుల్లోనే లాన్స్‌బరీ రాజీనామా చేసాడు, ఆ ఖాళీలోంచే క్లెమెంట్ అట్లీ వచ్చాడు. ఎవరూ బ్యాలెట్ పేపర్ ముట్టుకోలేదు, లీడర్ మాత్రం మారిపోయాడు. 1954లో కూడా దాదాపు ఇలాగే, పెద్ద యూనియన్ల నాయకులు హ్యూ గెయిట్‌స్కెల్‌ని పార్టీ కోశాధికారిగా గెలిపించారు, అక్కడ ఓడిపోయింది అన్యూరిన్ బెవాన్. మరుసటి ఏడాది ఎంపీలు లీడర్‌ని ఎన్నుకునేటప్పటికి గెయిట్‌స్కెల్ బరువు ఎంతో అందరికీ తెలిసిపోయింది.

ఆ కాన్ఫరెన్సుల్లో నడిచేది బ్లాక్ ఓటు. ఒక యూనియన్ ఎంతమంది సభ్యుల తరఫున పార్టీకి ఫీజు కడితే అన్ని ఓట్లు దానికి, ఆ ఓట్లన్నీ ఒకే ముద్దగా ఒకే వైపు పడతాయి. పది లక్షల మంది సభ్యులున్న యూనియన్లో ఆరు లక్షల మంది ఒకటి అనుకుని నాలుగు లక్షల మంది ఇంకోటి అనుకున్నా సరే, పది లక్షలూ ఒకే పక్కకి. చాలాసార్లు ఆ ఆరు లక్షలు నాలుగు లక్షలు అని లెక్కపెట్టడం కూడా ఉండేది కాదు, అసలు ఎవరినీ అడగకపోతే లెక్క ఎక్కడిది.

ఈ బ్లాక్ ఓటు నేరుగా లీడర్ ఎన్నికలోకి వచ్చింది 1981 జనవరి 24న, వెంబ్లీలో జరిగిన ప్రత్యేక కాన్ఫరెన్స్‌లో. ఎలక్టోరల్ కాలేజీ అని కొత్త పద్ధతి పెట్టారు: యూనియన్లకి 40 శాతం, ఎంపీలకి 30, నియోజకవర్గ పార్టీలకి, అంటే ఒక్కో నియోజకవర్గంలోని పార్టీ శాఖలకి, 30. యూనియన్లకే అందరికంటే పెద్ద వాటా రావడం ముందు నుంచీ అందరూ కోరుకున్నది కూడా కాదు. షాపుల్లో పనిచేసేవాళ్ళ యూనియన్ ఉస్డా పెట్టిన ఫార్ములా అది, మిగతా యూనియన్లు ఒక్క మాట మీద లేకపోవడంతో అదే నెగ్గింది. మర్నాడే నలుగురు సీనియర్ నాయకులు పార్టీ దారి నచ్చలేదంటూ లైమ్‌హౌస్ ప్రకటన చేసారు, మార్చికల్లా వాళ్ళు సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయారు. పార్టీ చీలడానికి ఈ ఒక్కటే కారణం కాదు గానీ, వాళ్ళు గడప దాటింది మాత్రం ఈ 40 శాతం చూసాకే.

అదే ఏడాది సెప్టెంబర్లో డిప్యూటీ లీడర్ పదవికి డెనిస్ హీలీ, వామపక్షం వైపున్న టోనీ బెన్ మధ్య పోటీ జరిగింది. ఈ ఒక్క ఎన్నిక చదివితే మొత్తం సమస్య అర్థమైపోతుంది. రవాణా కార్మికుల యూనియన్, టీజీడబ్ల్యూయూ, చేతిలో 12 లక్షలకి పైగా ఓట్లు. వాళ్ళు తమ ప్రాంతాల్లో అభిప్రాయం కనుక్కుంటే హీలీ వైపు మొగ్గు కనిపించింది, అయినా కాన్ఫరెన్స్‌కి వెళ్ళిన ప్రతినిధులు రెండో రౌండ్లో ఆ మూటంతా బెన్‌కి వేసేసారు. ఇంకో పక్క ప్రభుత్వ రంగ కార్మికుల యూనియన్ న్యూపీ, నాయకత్వం వామపక్షం వైపే ఉన్నా శాఖల్లో ఓటింగ్ పెట్టింది, సభ్యులు హీలీ అన్నారు, యూనియన్ హీలీకే వేసింది. ఫలితం: హీలీ 50.426, బెన్ 49.574. ఒక శాతం కూడా తేడా లేదు. సభ్యుల్ని అడిగిన ఆ ఒక్క యూనియన్ అడగకుండా ఇంకో వైపు వేసి ఉంటే ఆ పార్టీ చరిత్ర వేరేగా ఉండేది. సభ్యుల మాట పక్కన పెట్టిన యూనియన్ మాట నెగ్గలేదు, అది కేవలం కాలం కలిసొచ్చి.

1992లో అప్పటి లీడర్ నీల్ కినాక్ ఎన్నికల్లో ఓడి తప్పుకున్న కొద్దిరోజులకే పెద్ద యూనియన్ల నాయకులు జాన్ స్మిత్ వైపు నిలబడిపోయారు, పోటీ మొదలవకముందే అయిపోయింది అన్నంత పని, స్మిత్‌కి 91 శాతం వచ్చింది. మంచి మనిషే, సమర్థుడే, కానీ ఆ తీరు చూసి పార్టీలో చాలామందికి ఒళ్ళు మండింది. విశేషం ఏంటంటే అలా గెలిచిన స్మితే 1993లో బ్లాక్ ఓటు తీసేసే పని తలకెత్తుకున్నాడు, నెగ్గకపోతే పదవి వదిలేసే దాకా తెగించాడు. టీజీడబ్ల్యూయూ, జీఎంబీ లాంటి రెండు పెద్ద యూనియన్లు ఎదురు తిరిగాయి. చివరికి తీర్మానం గట్టెక్కింది 47.5కి 44.4 తేడాతో, అది కూడా ఎంఎస్ఎఫ్ అనే యూనియన్ ఎటూ వేయకుండా ఊరుకోవడం వల్ల. ఆ యూనియన్ ఎందుకు ఊరుకుందంటే, అదే తీర్మానంలో మహిళా అభ్యర్థులకి కోటా కూడా కలిపి పెట్టారు, కోటా వాళ్ళకి కావాలి, ఓటింగ్ మార్పు వద్దు, అందుకని చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇకమీదట ఎంపీలకి, పార్టీ సభ్యులకి, యూనియన్లకి మూడు సమాన వాటాలు, యూనియన్ వాటాలో కూడా రాజకీయ లెవీ, అంటే చందాలో రాజకీయాల కోసం పక్కన పెట్టే భాగం, కట్టే ప్రతి సభ్యుడికీ విడివిడిగా బ్యాలెట్. 1994లో టోనీ బ్లెయిర్ ఆ పద్ధతిలోనే గెలిచాడు, యూనియన్ వాటాలో కూడా సగానికి పైగా ఆయనకే వచ్చాయి. అప్పటికి అందరూ అనుకున్నది ఏంటంటే ఇక యూనియన్ నాయకుల కథ అయిపోయింది, ఓటు మనిషి చేతికి వచ్చేసింది అని.

మళ్ళీ 2010కి వద్దాం, ఎందుకంటే ఆ నమ్మకం తేలిపోయింది అక్కడే. యునైట్, జీఎంబీ, యూనిసన్, మూడు పెద్ద యూనియన్లూ ఎడ్ మిలిబాండ్‌ని సమర్థించాయి. ఓటు వేసేది సభ్యుడే, నిజమే, కానీ సభ్యుడి అడ్రసు ఉన్నది యూనియన్ దగ్గర. బ్యాలెట్ కవర్ పంపేది యూనియన్ ద్వారా. కొన్ని యూనియన్లు బ్యాలెట్ ఉన్న కవర్‌ని ఇంకో పెద్ద కవర్లో పెట్టి, దాంతోపాటు ఎడ్ మిలిబాండ్‌కి వేయమనే కాగితం కూడా జతచేసి పంపాయి. యూనియన్ పత్రికలో బొమ్మ, ఫోన్లో మెసేజ్, ఇవన్నీ ఒక్క వైపు నుంచే. మిగతా పోటీదారులు ఆ సభ్యుడి గుమ్మం దాకా చేరేదెలా?

అసలు బాధ కలిగించే నంబర్ వేరే ఉంది. యూనియన్లు, అనుబంధ సొసైటీలు కలిపి 27 లక్షలకి పైగా బ్యాలెట్ పేపర్లు పంపితే, తిరిగొచ్చినవి 9 శాతం చుట్టూ. పదిమందిలో తొమ్మిదిమంది ఆ కవర్ తెరవలేదో, తెరిచి పక్కన పడేసారో. వచ్చిన వాటిలో కూడా వేల కొద్దీ చెల్లలేదు, లేబర్ పార్టీ విలువలకి మద్దతిస్తున్నాను అనే గడిలో టిక్ పెట్టాలి, అది మర్చిపోయారు. పార్టీ లీడర్‌ని ఎన్నుకునే హక్కు ఇంటికి వచ్చి తలుపు తడితే ఆ కార్మికుడికి అది తనదని అనిపించలేదు. ఏళ్ళ తరబడి తన పేరు మీద ఇంకెవరో చెయ్యెత్తే అలవాటు ఉన్నచోట, ఒక్కసారిగా కాగితం చేతికిస్తే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది. పైగా ఒక్కో మనిషికి రెండు మూడు ఓట్లు కూడా ఉండేవి, యూనియన్ సభ్యుడిగా ఒకటి, సొసైటీ సభ్యుడిగా ఒకటి, పార్టీ సభ్యుడిగా ఇంకోటి.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి, యూనియన్లు దొంగతనంగా గెలిపించాయి అనేది అబద్ధం. ఎడ్‌కి పడిన ప్రతి యూనియన్ ఓటూ ఒక మనిషి వేసిందే, డేవిడ్‌కి కూడా ఆ పెట్టెలో 40 శాతం దాకా వచ్చాయి. తప్పు ఓట్లలో లేదు, అన్ని లక్షల మంది గొంతుని రెండున్నర లక్షల మంది కూడా కాని వాళ్ళతో నింపి, దానికి మూడో వంతు బరువు ఇవ్వడంలో ఉంది.

2013లో స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్ నియోజకవర్గంలో అభ్యర్థి ఎంపిక కోసం యునైట్ సభ్యుల్ని పార్టీలో చేర్పించిన తీరు మీద గొడవ రేగింది. విచారణలు జరిగాయి, చివరికి యునైట్ తప్పు చేసిందని తేలలేదు, పార్టీయే ఆ మాట చెప్పింది. కానీ ఈలోపు ఎడ్ మిలిబాండ్ మీద ఒత్తిడి ఎంత పెరిగిందంటే, తనని గెలిపించిన పద్ధతినే తీసేస్తానని ప్రకటించాల్సి వచ్చింది. జీఎంబీకి అది నచ్చలేదు, ఏడాదికి 12 లక్షల పౌండ్లు కట్టే అనుబంధ ఫీజుని లక్షన్నర పౌండ్లకి తగ్గిస్తున్నామని ఆ సెప్టెంబర్లోనే చెప్పేసింది. పార్టీ మాజీ జనరల్ సెక్రటరీ రే కాలిన్స్ ఈ మార్పు మీద నివేదిక తయారుచేసాడు, 2014 మార్చి 1న ప్రత్యేక కాన్ఫరెన్స్ దాన్ని 86 శాతంతో ఆమోదించింది. ఎలక్టోరల్ కాలేజీ పోయింది. ఒక మనిషికి ఒకే ఓటు. యూనియన్ సభ్యుడు ఓటు వేయాలంటే నేను లేబర్ మద్దతుదారుని అని విడిగా నమోదు చేసుకోవాలి. బయటివాళ్ళు కూడా 3 పౌండ్లు కట్టి నమోదు కావచ్చు.

యూనియన్ల బలం తగ్గించడానికి చేసిన ఈ మార్పు 2015లో ఎవరిని తెచ్చిందో తెలిసిందే. జెరెమీ కార్బిన్, మొదటి రౌండ్లోనే 59.5 శాతం. యునైట్, యూనిసన్ రెండూ ఆయన్నే సమర్థించాయి. నమోదైన యూనియన్ మద్దతుదారుల్లో ఆయనకి వచ్చింది 57.6 శాతం, 3 పౌండ్ల వాళ్ళలో ఏకంగా 83.8 శాతం. యూనియన్ తరఫున ఓటు హక్కు ఉన్నవాళ్ళ సంఖ్య 27 లక్షల నుంచి లక్షన్నర లోపుకి పడిపోయింది, కానీ వాళ్ళలో దాదాపు సగం మంది ఓటు వేసారు. ఇష్టపడి వచ్చినవాళ్ళు కదా మరి. మరుసటి ఏడాది కార్బిన్ మీద ఎంపీ ఓవెన్ స్మిత్ పోటీకి దిగినప్పుడు జీఎంబీ తన సభ్యుల్ని అడిగి 60 శాతం చెప్పినట్టు స్మిత్‌ని సమర్థించింది, అయినా మొత్తం యూనియన్ మద్దతుదారుల్లో 60 శాతం కార్బిన్‌కే పడ్డాయి.

ఇక్కడి నుంచి పలుకుబడి చోటు మారింది. లెక్కింపులో చేయలేనిది లెక్కింపుకి ముందు చేయొచ్చు, అంటే ఎవరు పోటీలో నిలబడాలి అనే దగ్గర. 2018లో కొత్త నియమం వచ్చింది, ఎంపీల నామినేషన్లు చాలవు, 5 శాతం నియోజకవర్గ పార్టీలైనా బలపరచాలి, లేదా మూడు అనుబంధ సంస్థలైనా బలపరచాలి, ఆ మూడింటిలో రెండు యూనియన్లు అయి ఉండాలి, మొత్తం కలిపి అనుబంధ సభ్యత్వంలో కనీసం 5 శాతం ఉండాలి. వినడానికి క్లర్కు రాసిన రూల్‌లా ఉంటుంది గానీ గేటు తాళం చెవి ఇదే.

2020 లీడర్ ఎన్నికలో దాని పనితీరు కళ్ళారా కనిపించింది. యూనిసన్ జనవరి మొదట్లోనే కియర్ స్టార్మర్‌కి మద్దతు ప్రకటించింది, తర్వాత ఉస్డా, పర్యావరణ సొసైటీ సెరా కలవగానే ఆయన అందరికంటే ముందు గేటు దాటేసాడు. లీసా నాండీ దాటిన తీరు ఇంకా ఆసక్తికరం: జీఎంబీ, చైనీస్ ఫర్ లేబర్ అనే సొసైటీ, గని కార్మికుల యూనియన్. ఒకప్పుడు లక్షల మంది గని కార్మికులతో ప్రభుత్వాలని వణికించిన ఆ యూనియన్‌కి గనులు మూతపడ్డాక మిగిలింది చాలా కొద్దిమంది. కానీ రెండు యూనియన్లు ఉండాలన్న లెక్కలో దానిదీ ఒకటే, లక్షల మంది ఉన్న యూనియన్‌దీ ఒకటే. ఎమిలీ థార్న్‌బెరీ ఇటు యూనియన్లు దొరక్క, అటు 33 నియోజకవర్గ పార్టీలు కావాల్సిన చోట 31 దగ్గర ఆగిపోయి పోటీ నుంచి బయటికి వెళ్ళిపోయింది. సభ్యుల ఓటు దాకా ఆ పేరు రానే లేదు.

ఆ ఎన్నికలో గెలిచి లీడర్ అయిన స్టార్మర్ 2021లో పాత ఎలక్టోరల్ కాలేజీని మళ్ళీ తేవాలని చూసాడు. పైకి చూస్తే యూనియన్లకి మూడో వంతు వాటా తిరిగి వచ్చే ప్రతిపాదన అది, ఎగిరి గంతేయాలి కదా. యూనియన్లే వద్దన్నాయి. అదే పద్ధతి ఎంపీలకి కూడా మూడో వంతు ఇస్తుంది, సభ్యుల ఓటు విలువ పడిపోతుంది, పైగా తొందర తొందరగా తెచ్చారు అని. ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది, దాని బదులు పోటీకి ఎంపీల మద్దతు 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు, డబ్బు కట్టి నమోదయ్యే బయటివాళ్ళ పద్ధతి తీసేసారు. కాన్ఫరెన్స్‌లో ఇది నెగ్గింది 53 శాతం పైచిలుకుతో, అక్కడ సగం ఓట్లు ఇప్పటికీ అనుబంధ సంస్థలవే. అంటే లీడర్‌ని ఎన్నుకునే ఓటు చెల్లాచెదురైనా, ఎన్నుకునే రూల్ రాసే ఓటు మాత్రం గట్టిగానే చేతిలో ఉంది. ఈ రెండోదే పెద్దది.

ఇది ఒక్క బ్రిటన్ కథే కాదు. న్యూజిలాండ్ లేబర్ పార్టీ 2012 నుంచి ఎంపీలకి 40, సభ్యులకి 40, అనుబంధ యూనియన్లకి 20 శాతం పెట్టుకుంది. 2014లో ఆండ్రూ లిటిల్, స్వయంగా పాత యూనియన్ నాయకుడు, ఎంపీల్లోనూ సభ్యుల్లోనూ గ్రాంట్ రాబర్ట్‌సన్ కంటే వెనకబడి, యూనియన్ల పెట్టెలో నాలుగింట మూడు వంతులు తెచ్చుకుని 50.52కి 49.48తో గెలిచాడు. అచ్చం 2010 లాగే. తర్వాత వాళ్ళు నియమం మార్చుకున్నారు, మూడింట రెండు వంతుల ఎంపీలు ఒక పేరు మీద ఒప్పుకుంటే మిగతావాళ్ళ ఓటింగే అక్కర్లేదు, 2023 జనవరిలో క్రిస్ హిప్‌కిన్స్ అలాగే వచ్చాడు. ఆస్ట్రేలియాలో యూనియన్లకి లీడర్ ఎన్నికలో నేరుగా ఓటే లేదు, ఎంపీలకి సగం, సభ్యులకి సగం. 2013లో సభ్యుల్లో 60 శాతం దాకా ఆంథనీ అల్బనీజీకి వేసినా, ఎంపీల్లో 55కి 31తో బిల్ షార్టెన్ గెలిచాడు. షార్టెన్ ఆస్ట్రేలియన్ వర్కర్స్ యూనియన్‌కి జాతీయ కార్యదర్శిగా చేసినవాడు, ఆ దేశంలో ఎంపీ టికెట్లు తేలే పార్టీ లోపలి వర్గాల్లోకి యూనియన్ల వేళ్ళు లోతుగా దిగి ఉన్నాయి. ఓటు పెట్టె దగ్గర కనిపించని చెయ్యి టికెట్ ఇచ్చే దగ్గర ఉంటుంది.

అలాగని యూనియన్ అన్నాక అన్నీ ఒకే తాటి మీద ఉంటాయని కూడా కాదు. 2025 జూలైలో యునైట్ కాన్ఫరెన్స్, బర్మింగ్‌హామ్ చెత్త సేకరణ కార్మికుల సమ్మె విషయంలో కోపంతో, డిప్యూటీ లీడర్ ఆంజెలా రేనర్ సభ్యత్వం సస్పెండ్ చేయాలని, పార్టీతో తమ సంబంధాన్నే మళ్ళీ చూసుకోవాలని ఓటు వేసింది. పార్టీని పెట్టిన వర్గంలోని పెద్ద యూనియన్ అధికారంలో ఉన్న ఆ పార్టీతోనే ఇలా అందంటే, డబ్బు కట్టడం వేరు, మాట చెల్లించుకోవడం వేరు అని వాళ్ళకి అనుభవంలోకి వచ్చిందన్నమాట. కొన్ని వారాలకే రేనర్ వేరే కారణంతో రాజీనామా చేస్తే డిప్యూటీ లీడర్ ఎన్నిక వచ్చింది. 20 శాతం నియమం ప్రకారం 80 మంది ఎంపీల మద్దతు కావాలి, దాన్ని దాటింది ఇద్దరే, లూసీ పావెల్, బ్రిడ్జెట్ ఫిలిప్సన్. పావెల్ 54 శాతంతో గెలిచింది.

ఆ ఎన్నికలో ఓటు హక్కు ఉన్నవాళ్ళు, యూనియన్ మద్దతుదారులతో కలిపి, దాదాపు పది లక్షల మంది. ఓటు వేసింది 17 శాతం లోపే. 2010లో కవర్ ఇంటికే వచ్చినా తెరవని మనిషి ఇప్పుడు తనంతట తాను నమోదు చేసుకుని, లింకు తెరిచి, ముందే వడకట్టిన రెండు పేర్లలో ఒకటి ఎంచుకోవాలి. ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళి, పని అయిపోయాక పదినిమిషాలు కూర్చోబెట్టి, ఈ ఇద్దరిలో మన జీతాల గురించి ఎవరు ఏం చెప్తున్నారో వివరించగల వ్యవస్థ ఆ దేశంలో యూనియన్ శాఖలకి తప్ప ఇంకెవరికీ లేదు. ఆ పని మాత్రం ఏ రూల్ మార్పులోనూ ఇంతవరకు ఎవరూ రాయలేదు.